నక్క మింగిన మూడో మాట

మెరక పొలాల్లో ఒక కళ్లం, దానికి రెండు పొలాల అవతల ఒక పశువుల పాక, పాక పక్కనే ధాన్యపు కొట్టు ఉండేవి. వాటికో రైతు కూడా ఉన్నాడు గానీ, పనంతా నడిపేవి జంతువులే. కళ్లంలో జొన్నలకు పట్టిన పురుగు ఏరేది కోడిపెట్ట. బండి లాగేది బూడిదరంగు మైల ఎద్దు. కొట్టులో గింజలు సర్దేవి చీమలు. ఎలుకలు రాకుండా రాత్రి కాపలా గుడ్లగూబది. దేని పనిలో అది ఆరితేరిందే. చిక్కల్లా ఒకరి మాట ఇంకొకరికి చేరకపోవడం దగ్గరే వచ్చింది.

మొన్న మబ్బు పట్టినప్పుడు కొట్టులో చోటు చెయ్యమని కోడి గొంతు చించుకుంది. బారులో నడుస్తున్న చీమ తల తిప్పుతుందా? జొన్నలు బయటే తడిసి మొలకలెత్తాయి. ఎలుకలు దూరాయని ఎద్దు పట్టపగలు వెళ్లి గుడ్లగూబకి చెప్పింది. అది నిద్రలోనే "ఊఁ" అంది. ఆ ఊఁ నమ్ముకున్నందుకు అర బస్తా పోయింది.

"ఇంకొక్క బస్తా పోతే ఎవరి దారి వాళ్లదే," అని తేల్చేసింది కోడి. "పదకొండు రోజుల పిల్లలు ఏడున్నాయి నాకు. వాటిని చూసుకోనా, ఇలా అరుస్తూ తిరగనా? అన్నయ్యా, అన్ని చోట్లకీ వెళ్లేది నువ్వు. మాట ఎలా చేరాలో నువ్వే తేల్చు."

"తేలుస్తాలే," అంది ఎద్దు నెమరేస్తూ. దానికి బెదురేమీ లేదు. నెమరేస్తే అరగనిదంటూ ఉండదని దాని నమ్మకం.

ఈ సంగతి చెవిన పడగానే నక్క వచ్చి వాలింది.

"ఇంత చిన్నదానికి ఆలోచన దేనికి మామా? ఎవరికే మాట చెప్పాలన్నా నాకు చెప్పండి. నేను చేరేస్తాను. ఒక్క అక్షరం పోదు, ఒక్క అక్షరం కలవదు. ఒకటే షరతు. మీలో మీరు మాట్లాడుకోకూడదు. రెండు దారులుంటే మాట తికమకైపోతుంది."

"మరి నీకేం ఇవ్వాలి అల్లుడూ?"

"మీ చల్లని చూపు చాలు మామా!"

కోడికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎద్దుకు మాత్రం చెవి అదిరింది. ఊరికే చాకిరీ చేస్తానన్న నక్కను అది పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"రేపొక్కరోజు చేసి చూపించు," అంది. నక్క వెళ్లాక కోడిని పక్కకు పిలిచింది. "కళ్లంలో కుంచాలు కొలిచేటప్పుడు లెక్కెలా చెబుతారు చెల్లెమ్మా?"

"ఒకటి అనకూడదుగా. లాభం అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటారు."

"రేపు నువ్వు పంపే ప్రతి మాట ముందూ ఆ లెక్క చెప్పు."

"ఎందుకన్నయ్యా?"

"కుంచం తప్పితే కొలతలో తెలిసిపోతుంది కదా. మాట తప్పినా తెలియాలి."

మర్నాడు కోడి కళ్లానికి వెళ్లింది. ఎద్దు పాక దగ్గర ఉంది. నక్క అటూ ఇటూ పరుగులు పెట్టింది.

"లాభం. తూర్పు కుప్పకి పురుగు పట్టింది, బండికెత్తొద్దంటోంది మామా."

"మంచిది."

"రెండు. గోనెలు నాలుగు తక్కువొచ్చాయట." నక్క పళ్లికిలించింది. "మాటలకి ఈ కొలతేమిటి మామా? పల్లెటూరి చాదస్తం కాకపోతే!"

"అలవాటు అల్లుడూ. నీకు బరువైతే వదిలెయ్యి."

"అబ్బే, విన్నది విన్నట్టు చెప్పడమే నా గొప్ప!" అని మళ్లీ పరిగెత్తింది.

పొద్దు నడినెత్తికొచ్చేసరికి రొప్పుతూ వచ్చింది. "నాలుగు! తూర్పార పట్టడం అయిపోయింది. బండి తీసుకుని వెంటనే కళ్లానికి రావాలట!"

ఎద్దు నెమరు ఆగిపోయింది. అయినా పైకి ఏమీ తేలనివ్వలేదు. "సరే అల్లుడూ, బయల్దేరుతున్నా."

"నేనలా గుడ్లగూబని పలకరించి వస్తా," అంటూ నక్క పాక వెనక్కి జారుకుంది.

రెండు విన్నాను, నాలుగు విన్నాను. మూడేమైంది? షరతూ లేదు, గిరతూ లేదనుకుని ఎద్దు కళ్లం వైపు తిరిగి రంకె వేసింది.

"చెల్లెమ్మా! మూడో మాటేమిటి?"

కోడి గడ్డివాము మీదికెగిరి అక్కడి నుంచే అరిచింది. "పిల్లలు పాక వెనక గూట్లోనే ఉన్నాయి! ఇక్కడ పురుగులు బోలెడున్నాయి, వచ్చేటప్పుడు వీపుమీద ఎక్కించుకు రమ్మన్నాను కదన్నయ్యా! నక్క చెప్పలేదూ?"

ఎద్దు అంత జోరుగా పరిగెత్తడం ఆ పొలాలు ఎన్నడూ చూడలేదు. గూటి పలక పైకెత్తి నక్క మెడ దాకా తల లోపల పెట్టేసింది. పిల్లలు ఏడూ అవతలి మూలకి నక్కి కియ్యోమంటున్నాయి. ఎద్దు గిట్ట ఎత్తి పలకను కిందికి నొక్కింది. మెడ పలకకీ గడపకీ మధ్య ఇరుక్కుంది. లోపల మూతి కదలదు, బయట తోక ఆగదు.

కోడి ఎగురుతూ పడుతూ వచ్చి పిల్లల్ని లెక్కపెట్టుకుంది. ఏడూ ఉన్నాయి. అది భోరుమంది.

"ఏడవకు చెల్లెమ్మా, తేలిపోయింది," అంది ఎద్దు, గిట్ట తియ్యకుండానే. "జవాబు వెంటనే కావాల్సిన మాటకి కేకే. నీకూ నాకూ మధ్య ఎవరూ వద్దు. చీమలకీ గుడ్లగూబకీ కేక పనికిరాదు. వాటి కోసం పాక గుంజకి పాత కుండ కడదాం. చోటు కావాలంటే అందులో జొన్న గింజ వేద్దాం. ఎలుక జాడ కనిపిస్తే కొరికిన కంకి వేద్దాం. చీమలు బారు ముగిశాక చూసుకుంటాయి, గుడ్లగూబ నిద్ర లేచాక చూసుకుంటుంది."

"అవి చూశాయని మనకెలా తెలుస్తుంది?"

"చూసినవాళ్లు దాన్ని తీసి గుంజ మొదట్లో పెట్టాలి. కుండలో ఉన్నంతసేపూ చేరనట్టే లెక్క."

గూట్లోంచి మూలుగు వినిపించింది. "మామా! ముందు ఈ పలకెత్తు మామా! ఊపిరాడటం లేదు!"

ఎద్దు తాపీగా నెమరు మొదలుపెట్టింది.

"నీ మాట చేరింది అల్లుడూ. కుండలో వేస్తాం. గుడ్లగూబ లేచాక చూసుకుంటుంది."

పొద్దింకా నడినెత్తిమీదే ఉంది.

నీతి: ఏ మాటకు తగిన దారి ఆ మాటకు పెట్టాలి, అన్నిటికీ ఒకే దారి పెడితే, ఆ దారిలో కూర్చున్నవాడికి ఇల్లు అప్పగించినట్టే.