గురవమ్మ దూకలేని బండ

కొండ కింద అడవిలో జంతువులన్నీ కలిసి కట్ట పోసుకున్న మడుగు ఒకటుంది. ఆ మట్టికట్ట తెగిందంటే ఎండాకాలం నాలుక తడుపుకోడానికి చుక్క నీరుండదు. అందుకే దానికి కాపలా పెట్టుకున్నారు. కాపలా ఉద్యోగమంటే మాటలా మరి! అది దొరికిన కుటుంబానికి మడుగు ఒడ్డునే కాపురం, పిల్లలకు చల్లటి నీడ, తవ్వినచోటల్లా దుంపలు.

కాపలావాళ్లను ఎంపిక చేసేది నక్క వరదయ్య. ముళ్లపందులు, ఉడుములు, ముంగిసలు, ఇలాంటి పొట్టికాళ్లవాళ్లను తాతల కాలం నుంచీ ఆ దరిదాపులకే రానివ్వలేదు. "వీళ్లు కట్టెక్కితే కట్టకే చిన్నతనం" అనేవాడు వరదయ్య. చివరికి ఆ గొడవ అడవికి న్యాయం చెప్పే ఏనుగు పెద్దమ్మ దాకా వెళ్లింది. "కాళ్లు పొట్టివని ఎవరినీ పనికి రానివ్వకపోవడం కుదరదు" అని పెద్దమ్మ తీర్పు చెప్పేసింది.

ఆ మాట విని ముళ్లపంది గురవమ్మ ముళ్లు గలగలలాడేలా చిందులేసింది. ఆమె పిల్లలు ఎర్రటి ఎండలో కాలే రాళ్ల మీద నడిచివచ్చి నీళ్లు తాగి, మళ్లీ అంత దూరమూ నడిచి వెళ్లేవాళ్లు. ఇంటికి చేరేసరికి మళ్లీ దాహమే. "ఇంకెంతరా, మనం కూడా ఒడ్డుకు వచ్చేస్తాం!" అని పిల్లలకు చెప్పి, తెల్లారీ తెల్లారకముందే కట్ట దగ్గరికి పరుగెత్తింది.

అక్కడ వరదయ్య నవ్వుతూ ఎదురొచ్చాడు.

"రా గురవమ్మా, రా! తీర్పంటే తీర్పే. ఎవరినీ కాదనను. ఒక చిన్న పరీక్ష, అంతే. అదిగో, ఆ బండ మీంచి దూకెయ్. పని నీదే."

గురవమ్మ బండ వైపు చూసింది. నడుమెత్తు బండ. నడుమంటే ఆమె నడుము కాదు, జింక నడుము. అప్పుడే, తనూ కాపలా పనికోసం వచ్చిన జింక మల్లీశ్వరి దాని మీంచి గాలిలా దాటి అవతల నిలబడింది.

అయినా గురవమ్మ పరుగెత్తుకొచ్చి దూకింది. ముక్కు బండకు కొట్టుకుంది, రెండు ముళ్లు విరిగాయి, చూస్తున్నవాళ్లు పకపకా నవ్వారు.

"నేనేం చెయ్యను? అందరికీ ఒకటే పరీక్ష!" అన్నాడు వరదయ్య, జాలి పడుతున్నట్టు మొహం పెట్టి.

ముక్కు మంటకన్నా ఆ మాటే గురవమ్మను ఎక్కువ మండించింది. ఇంటికి వెళ్లలేదు. నేరుగా ఏనుగు పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది. సంగతి క్షణాల్లో అడవంతా పాకింది. నెమళ్లు అరిచాయి, కోతులు కొమ్మలెక్కాయి, వరదయ్య తన బావమరిది దుమ్ములగొండి దానయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. దానయ్య కట్ట కాపలాలో అందరికన్నా పాతవాడు, అందరికన్నా లావుపాటివాడు.

"పెద్దమ్మా, ఒకే కొలత పెట్టాను. జింకకూ అదే బండ, ముళ్లపందికీ అదే బండ. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది?" అన్నాడు వరదయ్య.

గుంపులో చాలామంది తలలూపారు. అంతలో గురవమ్మకు దానయ్య పొట్ట కనబడింది. బుర్రలో ఏదో తళుక్కుమంది.

"వరదయ్య బావా, ఒక్క మాట. దానయ్య మంచి కాపలాదారేనా?"

"మంచివాడా! అలాంటి కాపలాదారు నాలుగు కొండల అవతల కూడా దొరకడు. కట్ట ఇవాళ నిలబడి ఉందంటే మా దానయ్య చలవే!"

"అయితే ఆ బండ మీంచి బాగా దూకుతాడన్నమాట."

కోతులు కిచకిచలాడాయి. బావమరిది పరువు పోతుందన్న కంగారులో వరదయ్య నోరు జారాడు. "ఎందుకు దూకడు? కళ్లు మూసుకుని దూకుతాడు!"

"దూకమనండి మరి!" గుంపంతా ఒక్కసారిగా కేకేసింది.

"బావా, నేనా?" అన్నాడు దానయ్య బిక్కమొహంతో.

అందరూ కట్ట దగ్గరికి తరలివెళ్లారు. దానయ్య వెనక్కి నడిచాడు, ఇంకా వెనక్కి నడిచాడు, ఊపిరి బిగబట్టి పరుగెత్తాడు. బండ దాకా వచ్చి, దాన్ని పొట్టతో ఢీకొట్టి, దబ్బుమని బురదలో పడ్డాడు. అడవి ఘొల్లుమంది.

పెద్దమ్మ తొండమెత్తింది. నవ్వులు ఆగిపోయాయి.

"వరదయ్యా, ఇప్పుడు చెప్పు. నీ దానయ్య పనికిరాని కాపలాదారా? లేక నీ పరీక్ష పనికిరానిదా? రెండింట్లో ఏదో ఒకటి ఒప్పుకో."

వరదయ్య బురదలో ఉన్న బావమరిదిని చూశాడు. ఇంట్లో ఉన్న పెళ్లాన్ని తలుచుకున్నాడు. "పరీక్షే, పెద్దమ్మా" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అందరికీ ఒకటే అయినంత మాత్రాన పరీక్ష న్యాయమైపోదు" అంది పెద్దమ్మ. "కాపలాదారు చెయ్యాల్సింది కట్టలోంచి నీరు కారే ఊట ఎక్కడుందో కనిపెట్టి మట్టి మెత్తడం. పరీక్ష కూడా అదే పెట్టు. ఇన్ని తరాలు పొట్టికాళ్లవాళ్లకు దారి మూసేశారు కాబట్టి, వాళ్లలో పని చేసి చూపించినవాళ్లకు ఇప్పుడున్న కాపలా ఖాళీల్లో సగం ఇవ్వాలి. ఆ లోటు తీరేదాకా ఇంతే."

"మరి నేను దూకాను కదా పెద్దమ్మా! నా తప్పేముంది?" మల్లీశ్వరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గురవమ్మకు కూడా మనసు చివుక్కుమంది.

"నీ తప్పేం లేదు తల్లీ. తప్పుడు పరీక్ష నిన్నూ మోసం చేసింది. మిగతా సగం ఉందిగా, వచ్చి ఊట చూపించు."

కొత్త పరీక్ష కట్ట మీదే జరిగింది. మల్లీశ్వరి గిట్టలతో నేల తడుతూ మెత్తబడిన చోటు పట్టేసింది. గురవమ్మ ముక్కు నేలకానించి నడిచి, గడ్డి కింద దాక్కున్న చెమ్మను బయటపెట్టి, దాని మీద గట్టిగా మట్టి తొక్కింది. ఇద్దరికీ పని దొరికింది. ఆ రోజే గురవమ్మ పిల్లలు మడుగులో దూకి, మూతులు ముంచి, కడుపు ఉబ్బేదాకా తాగారు. వాళ్లను చూస్తూ ఆమె ఏడ్చిందో నవ్విందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు వరదయ్య కట్టెక్కి, నలుగురికీ వినబడేలా అన్నాడు. "ఏం గురవమ్మా, పెద్దమ్మ దయవల్ల ఉద్యోగం సంపాదించావు!"

గురవమ్మ అతని మొహం చూడలేదు. కాళ్ల వైపు చూసింది.

"దయ కాదు బావా, తీర్పు. కాస్త పక్కకు జరుగు. నువ్వు నిలబడ్డచోటే ఊట పుట్టింది."

వరదయ్య కిందికి చూసుకునేసరికి పాదాలు అప్పటికే బురదలో కూరుకుపోయాయి.

నీతి: అందరికీ ఒకే కొలత పెట్టగానే న్యాయం కాదు, ఆ కొలత పనికి తగినదై ఉండాలి.