వాంతికి ముందు నోట్లో నీళ్లెందుకు ఊరతాయి?

ఒకప్పుడు పొట్టకు పుచ్చుకోవడమే తెలుసు, తిప్పి పంపడం తెలీదు. గొంతు కిందికే గానీ పైకి దారి ఇచ్చేది కాదు. మంచైనా చెడైనా లోపలికెళ్తే ఇక అంతే సంగతులు!

ఆ రోజుల్లో సముద్రపు ఒడ్డున సూరమ్మ అనే మామ్మ ఉండేది. పెద్ద గిన్నెలో అన్నం, చేపల పులుసు కలిపి, చుట్టూ కూర్చున్న మనవలకు తలా ఓ ముద్ద చేతిలో పెట్టేది. ఓ రోజు పక్కింటి పసివాడికి విరేచనాలైతే, పాపం, వాణ్ణి కడిగి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని అన్నం కలిపేసింది. కడుక్కోలేదు సుమా!

ఆ చేతిమీద వైరస్ అనే క్రిమి ఉంది. దానికి కాళ్లు లేవు, రెక్కలు లేవు, కంటికే కనపడదు.

"నాకెందుకు కాళ్లు? మామ్మ చెయ్యి ఉందిగా!" అంటూ ముద్దెక్కి, చిన్న మనవరాలు బంగారి పొట్టలోకి దిగింది.

దిగి ఊరుకుంటుందా? ఒకటి పదైంది, పది వెయ్యైంది. మర్నాటికి పేగులు మెలిపెట్టాయి. ఒళ్లు కాలింది. బంగారి ముడుచుకుపోయింది.

"అయ్యో నా తల్లీ, కళ్లు తెరవవే!" అని సూరమ్మ ఒకటే ఏడుపు.

పొట్టకు కోపమొచ్చింది. "గొంతూ, దారియ్యి. వీటిని బయటికి గెంటేస్తా."

"పైకి ఎవర్నీ పోనివ్వను" అంది గొంతు.

"ఇవ్వకపోతే పిల్ల దక్కదు. నేను ఊరుకోను గాక ఊరుకోను!" అని పొట్ట బిగుసుకుని ఒక్క తోపు తోసింది. భళ్లున వాంతి! పక్కనున్న అన్నల మీద పడింది. క్రిములు "భలే భలే" అంటూ వాళ్ల చేతులెక్కి నోళ్లలోకి దూరాయి. సూరమ్మ తప్ప ఇంటిల్లిపాదీ మంచమెక్కింది.

"చూశావా నీ మొండితనం!" అని గొంతు కసిరింది.

"అయినా మానను. లోపల ఇంకా ఉన్నాయి" అంది పొట్ట. "కావాలంటే ఈసారి ముందే చెప్తా. నోట్లో నీళ్లు ఊరిస్తా, పిల్ల దూరంగా పోతుంది."

"అలాగైతే సరే" అంది గొంతు.

నోట్లో నీళ్లూరాయి. బంగారి గోడ పట్టుకుని లేచి, పెరటి చివరికి పోయి వాంతి చేసుకుంది. సూరమ్మ ఆ వాంతిమీద బూడిద కప్పింది.

అప్పుడు సూరమ్మ చెయ్యి నోరు విప్పింది. "మామ్మా, ఆ క్రిమిని తెచ్చింది నేనే. కడగలేదు నువ్వు."

సూరమ్మ వెంటనే కుంకుడు నురగతో గోళ్ల సందులు కూడా రుద్ది రుద్ది కడుక్కుంది. ఉప్పేసిన పల్చటి గంజి అందరికీ గుక్క గుక్కగా తాగించింది. తెల్లారేసరికి బంగారి కళ్లు తెరిచి "మామ్మా, ఆకలే!" అంది.

అప్పటినుంచే వాంతికి ముందు మనందరికీ నోట్లో నీళ్లూరతాయి. అది పొట్ట పంపే కబురు: "లేచి దూరంగా పో పిల్లా, వీటిని గెంటేస్తున్నా!"