ఐదో పేరు

ఉదయం ఆరున్నర. సన్నగా తుంపర పడుతోంది. సన్యాసిరావు మాస్టారు వీధి గుమ్మంలో ద్వారబంధానికి చెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు. అది ఆయన అలవాటు. పాఠానికి వచ్చినవాళ్లు ఆ చేతిని తాకి పేరు చెప్పాలి. నడకకి వెళ్లి తిరిగొచ్చినప్పుడూ అంతే. అందరి పేర్లూ వినేదాకా ఆయన చెయ్యి దించరు.

నాలుగో ఏట అమ్మవారు పోసి ఆయనకి చూపు పోయింది. ఇప్పుడు డెబ్బైకి దగ్గర. విజయనగరంలో మా వీధికి నాలుగు సందుల అవతల, రెండు గదుల పెంకుటింట్లో ఉంటారు. చూపు లేనివాళ్లకి కర్ర పట్టుకుని నడవడం నేర్పుతారు. మా అమ్మాయి హైమ ఆయన దగ్గర నాలుగేళ్లు నేర్చుకుంది. ఆ తరవాత మూడేళ్లు ఆ గుమ్మం తొక్కలేదు. కళ్ళజోడు వచ్చింది కదా.

అది మాట్లాడే కళ్ళజోడు. ముందు ఏదైనా ఉంటే చెవిలో చెప్పేది. మూడడుగుల్లో మెట్టు ఉందనీ, ఎడమపక్క ఆవు పడుకుందనీ. ఏమీ లేకపోతే ఊరుకునేది. దానికి పెట్టిన డబ్బుతో మా డాబా మీద ఇంకో గది లేచేది. హైమ నడక చూసి మేం గది ఊసే మర్చిపోయాం. కర్ర అటకెక్కింది.

పదకొండు రోజుల కిందట, ఒకటో తారీకు పొద్దున్న, ఆ కళ్ళజోడు మూగబోయింది. చెడిపోయి కాదు. వెనక ఉండి దాన్ని మాట్లాడించే కంపెనీ ఆ రకాన్ని ఆపేసింది. అది పలకలేదు గనక దారి బాగుందనుకుని హైమ ఎప్పటిలాగే చకచకా నడిచింది. పిండిమిల్లు సందులో కాలవ మీద పలక విరిగిపోయి ఉంది. నేను డాబా మీంచి చూస్తున్నాను. కేక వేసేలోగా పిల్ల కనపడలేదు.

నుదుటి మీద ఆరు కుట్లు. అవి మానతాయి. కాని ఆ రోజు నుంచి అది గడప దాటలేదు. సోమవారం కలెక్టరాఫీసులో టెలిఫోన్ల దగ్గర ఉద్యోగంలో చేరాలి. వెళ్లనంది. అందుకే ఆ పొద్దున్న చెయ్యి పట్టుకుని, దాదాపు లాక్కునే, మాస్టారి దగ్గరికి తీసుకొచ్చాను.

"హైమ," అంది, ఆయన చేతిని తాకి. ఆ వెంటనే అడిగేసింది. "మాస్టారూ, ఇక దేన్ని నమ్మి గడప దాటమంటారు?"

ఆయన లోపలికి తిరిగి, "పైడమ్మా, ఆ రేకుపెట్టె ఇలా తే," అన్నారు.

లోపల ఇద్దరున్నారు. పైడమ్మ నలభై ఏళ్ల మనిషి, రైళ్లలో జామకాయలు అమ్ముతుంది. కూర్మారావు బీఈడీ చదువుతున్నాడు. ఇద్దరికీ చూపు లేదు.

పెట్టె మూత చప్పుడు వినగానే కూర్మారావు, "మాస్టారి శ్మశానం తెరిచారు. చెప్పులు విప్పండి," అన్నాడు.

"నోరు ముయ్యరా గుంటడా," అంది పైడమ్మ.

మాస్టారు ఒక్కొక్కటే తీసి హైమ చేతిలో పెట్టారు. వేళ్ల కింద బ్రెయిలీ చుక్కలు లేచే యంత్రం. పుస్తకాలు చదివి వినిపించే ఇటుకంత పెట్టె. ఇంకేవో రెండు మూడు. "దీనికి బ్యాటరీ చెయ్యడం మానేశారు. దీన్ని బాగుచేసే మనిషి హైదరాబాదులో ఉండేవాడు, రిటైరైపోయాడు. ఇది తొమ్మిదేళ్లు పనిచేసింది. ఇది రెండేళ్లే. దీని మీద పెట్టిన డబ్బుకి మా ఆవిడ నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు."

"ఇన్ని పోయాక కూడా దాచుకున్నారేం?" అంది హైమ.

"పనిచేసినన్నాళ్లు బాగా పనిచేశాయి. పారేయబుద్ధి కాలేదు."

అడుగున చేతిగడియారం ఒకటి ఉంది. టైము చెప్పేదట. దాన్ని మాత్రం ఆయన తన అరచేతిలోనే ఉంచుకున్నారు.

"ఇది నాకిష్టం. బ్యాటరీ అయిపోతుంటే దీని గొంతు బరువెక్కేది. ఏడుం... బావూ... అని సాగదీసేది. ఇంకో నాలుగు రోజులుందని తెలిసేది నాకు."

"నాది చెప్పలేదు మాస్టారూ," అంది హైమ.

నా చేతిగాజులు చప్పుడు చేశాయి. చేతులు కట్టుకున్నాను.

కళ్ళజోడు చెప్పింది. నాకు చెప్పింది. కొన్నప్పుడు ఇచ్చింది నా ఫోన్ నంబరే. నెలాఖరుతో ఆపేస్తున్నామనీ, కొత్త రకం వచ్చిందనీ, పాతవాళ్లకి ధర కొంత తగ్గిస్తామనీ మెసేజ్ వచ్చింది. ఆ ధర చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఉద్యోగం ఆర్డరు వచ్చిన వారం అది. పిల్ల ఇల్లంతా పాడుకుంటూ తిరుగుతోంది. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆపేస్తామన్నారు గాని, నిజంగా ఆపుతారా అని కూడా అనుకున్నాను.

మాస్టారు పెట్టె మూసి లేచారు. "పదండి, నడుద్దాం. హైమకి ఒక కర్ర ఇవ్వు పైడమ్మా." ఆ తరవాత నా వైపు తిరిగి, "నువ్వు వెనకాల రా తల్లీ," అన్నారు.

ఆయన నడకకి ఒక పద్ధతుంది. ఒకరి వెనక ఒకరు, రెండు కర్రల దూరంలో నడవాలి. మలుపు వచ్చినప్పుడల్లా ముందున్నవాళ్ల నుంచి వరసగా పేర్లు చెప్పాలి. ఎవరి పేరైనా వినపడకపోతే అందరూ ఉన్నచోటే ఆగిపోవాలి. వినపడ్డాకే కదలాలి.

మాస్టారు ముందు, వెనక కూర్మారావు, పైడమ్మ, హైమ. చివర నేను. నాకు చూపుంది గనక పేరు చెప్పే పని లేదు. హైమ మొదటి మలుపు దాకా గోడ వదల్లేదు. రెండో మలుపు దగ్గర "హైమ" అన్నది నాకు సరిగ్గా వినపడలేదు. కాని ముందున్నవాళ్లకి వినపడింది. ఆ తరవాత దాని కర్ర చప్పుడు కాస్త కుదురుకుంది.

మూడో మలుపు తిరిగితే పిండిమిల్లు సందు. కరెంటు లేక మిల్లు ఆడటం లేదు. సందంతా నిశ్శబ్దంగా ఉంది.

మలుపులో మాస్టారి పేరు రాలేదు.

కూర్మారావు ఆగాడు. పైడమ్మ ఆగింది. హైమ ఆగలేదు. చప్పుడు లేదు గనక ఇంకా చురుగ్గా నాలుగడుగులు వేసింది. దాని కర్ర వెళ్లి పైడమ్మ మడమకి తగిలింది.

"ఓలమ్మో! కాలు నాదమ్మా, కలెక్టరాఫీసుది కాదు," అంది పైడమ్మ.

హైమ అక్కడే నిలబడిపోయింది.

"ఎందుకు నడిచావు?" ముందు నుంచి మాస్టారి గొంతు వచ్చింది.

"ఏమీ వినపడలేదు మాస్టారూ. మూడేళ్లూ అంతే కదా. ఏమీ చెప్పకపోతే ఏమీ లేదనే." నుదుటి కుట్లు తడుముకుని, "ఆ రోజూ అంతే," అంది.

"ఇలా వచ్చి నా పక్కన కర్ర దించి చూడు."

వెళ్లింది. కర్ర కొస విరిగిన పలక అంచుని తాకి లోపలికి జారింది. హైమ వెనక్కి తగ్గింది. మళ్లీ ముందుకు వచ్చి కర్రతో ఆ గొయ్యిని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

"పోయేముందు ఒక్క ముక్క చెప్పకూడదూ, వెధవ కళ్ళజోడు," అన్నాడు కూర్మారావు.

"అంత డబ్బు పుచ్చుకున్నవాళ్లు ఎవరికో ఒకరికి చెప్పే ఉంటార్రా," అన్నారు మాస్టారు. ఆయన నా వైపు తిరగలేదు.

"నాకు చెప్పారు," అన్నాను.

హైమ తల నా వైపు తిరిగింది.

"మెసేజ్ వచ్చింది హైమా. నువ్వు పడడానికి వారం ముందే. చదివాను. నీకు చెప్పలేదు."

హైమ కదల్లేదు. వాన చుక్కలు దాని కుట్ల మీద పడుతున్నాయి. కొంగుతో తుడవాలనిపించింది. చెయ్యి లేవలేదు. వాళ్ల పద్ధతిలో మాట రాకపోతే ఆగడమే. మాస్టారూ, కూర్మారావూ, పైడమ్మా ఎక్కడివాళ్లక్కడ కర్రలు నేలకి ఆనించి నిలబడ్డారు. ఒక సైకిలు వెళ్లింది. మిల్లు తలుపు తీశారు. హైమ పలికేదాకా ఎవరూ అడుగు వెయ్యలేదు.

చివరికి, "హైమ," అంది. మలుపులో చెప్పినట్టే.

"ముందు నువ్వు నడు," అన్నారు మాస్టారు.

తిరిగి వచ్చేటప్పుడు అదే ముందుంది. నాతో మాట్లాడలేదు. మలుపుల్లో మాత్రం దాని పేరు గట్టిగా వినపడింది. దారిలో ఒకసారి మాస్టారిని అడిగింది. "ఎప్పటికైనా మళ్లీ అలాంటిది కొనుక్కోవచ్చా?"

"నిక్షేపంలా కొనుక్కో. పోయేటప్పుడు ఎవరికి చెబుతుందో అడిగి కొనుక్కో."

మాస్టారు అందరికన్నా ముందు గుమ్మం ఎక్కి తన పేరు చెప్పుకుని, ద్వారబంధానికి చెయ్యి ఆనించారు. హైమ ఆ చేతిని తాకి పేరు చెప్పింది. సంచిలోంచి కళ్ళజోడు తీసి, "ఇది పెట్టెలో వెయ్యండి," అని ఆయనకిచ్చింది. లోపలికి వెళ్తూ, వెనక్కి తిరక్కుండానే నాతో అంది. "సోమవారం తొమ్మిదింటికి అక్కడుండాలి. ఆటో స్టాండు దాకా నేనొక్కదాన్నే వెళ్తానమ్మా."

కూర్మారావు పేరు చెప్పాడు. పైడమ్మ చెప్పింది.

నేను మెట్టు కింద తుంపరలో నిలబడి లెక్కపెట్టుకున్నాను. మాస్టారు, హైమ, కూర్మారావు, పైడమ్మ. నలుగురూ క్షేమంగా వచ్చేశారు. ఇంకోసారి లెక్కపెట్టాను. నలుగురే.

మాస్టారు చెయ్యి దించలేదు.

"ఐదో పేరు ఇంకా వినపడలేదు తల్లీ," అన్నారు.