బయటినుంచి తట్టిన తలుపు

ఎర్రగట్టు తకియాలో ఇంతియాజ్‌కు నాలుగైదు రోజులుగా అన్నం సయించడం లేదు.

తకియా అంటే గఫూర్ షా బాబా ఉండే చోటు. గుట్ట కింద ఒక రాతి హాలు, చుట్టూ ఎత్తైన గోడ, గోడకు ఒకే ఒక చెక్క తలుపు. గురువారం వస్తే చాలు, తురకలనీ హిందువులనీ లేకుండా చుట్టుపక్కల జనమంతా అక్కడ చేరి తత్వాలు పాడుకుంటారు. దేవుడు చల్లగా చూసిన చోటండీ అది. ఏళ్ల తరబడి పాడినవన్నీ క్యాసెట్లలో మిగిలాయి. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసి, అది వదిలి శిష్యుడిగా వచ్చిన ఇంతియాజ్ ఆ పాటలన్నిటినీ ఒక చిన్న పెట్టెలోకి ఎక్కించాడు. పెట్టెను లోపలి గదిలో పెట్టి నెట్టుకు కలిపాడు. ఎక్కడున్నవాళ్లయినా సెల్లులో నొక్కితే పాట వినపడాలి. బాబా ఎంత మురిసిపోయారో! పెట్టెకు స్వయంగా సాంబ్రాణి వేశారు.

పాట తకియాలో ఖంగుమని మోగేది. గోడ దాటి బయటివాళ్ల సెల్లుల్లోకి మాత్రం వెళ్లేది కాదు.

ఆ రోజు భోజనాల వేళకు పత్తికొండ నుంచి నాగేంద్రమ్మ ఫోను చేసింది. ముప్పై ఏళ్లు గురువారం తప్పని మనిషి. తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. ఆమె భర్త ఓబులేసు ఏక్తార మీటుతూ పాడితే గుట్ట కూడా వింటుందనేవారు. ఆయన పోయి సరిగ్గా ఏడాది. ఆ గొంతు ఇప్పుడు ఆ క్యాసెట్లలో, ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు.

"నాయనా ఇంతియాజూ, పాట రాలా, సెల్లులో చక్రం ఇంగా గిర్రున తిరగతానే ఉంది. ఈ పొద్దు మా ఆయనకు ఏడూడు. దీపం పెట్టి కూచున్నా."

"ఇక్కడ బాగా వినపడుతోందవ్వా," అన్నాడు ఇంతియాజ్. "మీ సెల్లే పాతది. ఆపి మళ్లీ వెయ్యి."

"ఆపి ఏసినా. మనవరాలి సెల్లులో కూడా చూసినా."

"అయితే మీ ఊళ్లో సిగ్నల్ లేదు. మా వైపు తప్పేం లేదవ్వా. నేను పది సార్లు చూసుకున్నాను."

ఫోను పెట్టేశాడు. వంటింటి గడపలో కూర్చుని వంకాయ కూర గిన్నెలోకి తీస్తున్న చెన్నప్ప అన్నీ విన్నాడు. అతను తకియాలో పెద్ద శిష్యుడు, వంట కూడా అతనిదే.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు," అన్నాడు. "నీ పెట్టెది తిరగబడింది తమ్ముడూ. పల్లకీ మన ఇంట్లోనే ఊరేగుతోంది."

"నువ్వు వంకాయ సంగతి చూడన్నా!"

"ఆ ఒక్క పాటా అవ్వ సెల్లుకు పంపెయ్యరాదూ?"

"ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాట పంపుతూ కూర్చుంటే ఇక పెట్టె ఎందుకు? పెట్టె బాగానే ఉంది. కావాలంటే విను!"

రోషం వచ్చిందండీ పిల్లవాడికి. సెల్లు తీసి నొక్కాడు. హాల్లోని పెద్ద స్పీకర్లలో ఓబులేసు లేచి నిలబడ్డట్టే పాట మొదలైంది.

*ఊదితే ఆరేటి దీపానికి ఇంత ఉలుకెందుకే మనసా...*

బాబా చాప మీద కళ్లు మూసుకుని విన్నారు. "ఆహా! ఇంకొంచెం పెంచు నాయనా," అన్నారు. ఇంతియాజ్ పెంచాడు. "ఇంకా," అన్నారు. పావురాలు చూరు వదిలి ఎగిరిపోయేదాకా పెంచించారు.

ఇక్కడ బాబాగారి అలవాటు ఒకటి చెప్పాలి, నవ్వకండి. మధ్యాహ్నం భోజనానికి కూర్చునే ముందు ఆయన తలుపు తీసుకుని బయటికి వెళ్తారు. చెన్నప్ప లోపల గడియ పెట్టాలి. బాబా బయటినుంచి తడతారు. గడియ తీస్తే, అతిథిలాగా సలాం చెప్పి లోపలికి వచ్చి, అప్పుడు అన్నం ముట్టుకుంటారు. తన ఇంటి తలుపు తానే తట్టడమేమిటి స్వామీ అని ఎవరడిగినా, "తడితే ఆకలి పెరుగుతుంది," అని నవ్వేసేవారు.

"ఈ రోజు మోకాళ్లు సలుపుతున్నాయి," అన్నారు బాబా. "నా బదులు నువ్వు వెళ్లి తట్టిరా, ఇంతియాజ్."

ఇదేం పని అనుకుంటూనే వెళ్లాడు. వెనక గడియ పడింది. ఇంతియాజ్ తలుపు తట్టాడు.

ఎవరూ తీయలేదు.

గట్టిగా తట్టాడు. లోపల ఓబులేసు రెండో చరణం ఎత్తుకున్నాడు. చెన్నప్ప చిడతలు అందుకున్నాడు కాబోలు, ఆ చప్పుడు కూడా తోడైంది. "అన్నా! చెన్నప్పన్నా!" అని అరిచాడు. పాట హోరులో ఆ అరుపు అతనికే వినపడలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ. చెప్పులు లోపలే ఉండిపోయాయి. ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ, ముందు పాటనైనా ఆపుదామని సెల్లు తీశాడు.

తెర మీద చక్రం గిర్రున తిరుగుతోంది.

ఇంతియాజ్ దాని వంక చూస్తూ ఉండిపోయాడు. రాతిగోడ దాటి తకియా వైఫై రాదు; ఇక్కడ తన సెల్లు కూడా అవ్వ సెల్లులాగే బయటి సిగ్నల్ మీద పాటను వెతుక్కుంటోంది. తాను పది సార్లు చూసుకున్న మాట నిజమే. పది సార్లూ లోపల కూర్చునే చూసుకున్నాడు.

అంతలో ఫోను మోగింది. నాగేంద్రమ్మ.

"నాయనా, కోప్పడొద్దు. దీపంలో నూనె అయిపోవస్తాంది, ఒకసారి..." అంటూ ఆగిపోయింది. "ఉండు. ఉండు నాయనా. దూరంగా ఎవురో పాడతాండారే. మా ఆయన గొంతు కదూ అది?"

ఇంతియాజ్ సెల్లును తీసుకెళ్లి మూసిన తలుపుకు ఆనించాడు. చెక్క సందుల్లోంచి వచ్చినంత పాట వచ్చింది. ఆ పక్క అవ్వ, ఈ పక్క అతను, ఇద్దరూ తలుపు బయటే ఉండి విన్నారు.

పాట ముగిసింది. గడియ తీసిన చప్పుడైంది. మోకాళ్లు సలుపుతున్న మనిషి తానే వచ్చి తలుపు తీశారు.

"బాబా, ఎంతసేపు తట్టానో!"

"అలాగా?" అన్నారు బాబా, ఎంతో అమాయకంగా. "ఇక్కడ బాగా వినపడుతోంది నాయనా."

ఇంతియాజ్ తల వంచుకున్నాడు. తల వంచితే కనపడింది, గడప పక్కన గోడకు కేబుల్ కంపెనీ వాళ్లు బిగించిన పెట్టె. బయటినుంచి వచ్చే వైరు ముందు దాంట్లోకి చేరి, ఆ తర్వాతే లోపలి గదికి వెళ్తుంది. లోపల తాను పెట్టుకున్న రౌటర్‌లో పాటలకు దారి తెరిచాడు. వాకిట్లో ఉన్న ఈ పెట్టెలో తెరవాలన్న ధ్యాసే లేదు. పాట కోసం నొక్కినవాళ్లంతా ఇక్కడిదాకా వచ్చి, తట్టి తట్టి, తిరిగిపోతున్నారు.

అక్కడే గడప మీద కూర్చుని ఆ దారి కూడా తెరిచాడు. తర్వాత లేచి, తలుపు బయటికి వెళ్లి, ఎండలో నిలబడి నొక్కాడు. చక్రం ఒక్క చుట్టు తిరిగి ఆగింది. ఏక్తార పలికింది.

"అవ్వా, ఇప్పుడు మనవరాలి సెల్లులో చూడు. లేదు, ఫోను పెట్టెయ్యకు. వినపడేదాకా నేనిక్కడే ఉంటా."

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఓబులేసు గొంతు పత్తికొండ నుంచి తిరిగి వచ్చింది. దాని వెనకే అవ్వ నవ్వు, ఏడుపు కలిసిపోయి వచ్చాయి. "వచ్చినాడు నాయనా, వచ్చినాడు!"

"అన్నం చల్లారిపోతోంది, రారా తమ్ముడూ!" అని చెన్నప్ప లోపలినుంచి కేకేశాడు. తలుపు బార్లా తెరిచే ఉంది.

ఇంతియాజ్ రెండు అడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి, తలుపు దగ్గరికి లాక్కుని, మెల్లగా తట్టాడు.