జొన్నకంకి అంచు ఎవరిది?

ఒకానొక రాజ్యంలో, రాజుగారికి పనులు తగ్గి శాసనాలు పెరిగిపోయిన కాలంలో, చెన్నరసయ్య అనే ఆస్థాన విదూషకుడు ఉండేవాడు. ఒకప్పుడు అతను నోరు విప్పితే సభంతా పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడు వయసు మీద పడింది, మోకాళ్లు పట్టేశాయి. పెద్ద రాజుగారికి చెప్పిన హాస్యమే చిన్న రాజుగారికీ చెప్పి చెప్పి అతనికే విసుగొచ్చింది. ఏటేటా సెలవిప్పించమని అడుగుతాడు. వచ్చే ఏడు చూద్దాంలే అంటారు రాజుగారు.

ఆ రాజుగారి పేరు ప్రచండభూపతి. మనిషి చెడ్డవాడు కాదు. గొప్పలు ఎక్కువ, అంతే. ఆయన సభకు వచ్చేటప్పుడు వందిమాగధులు గుమ్మం దగ్గర నిలబడి ఆయన బిరుదులన్నీ వరుసగా చదవాలి. చివరి బిరుదు పూర్తయ్యేదాకా ఆయన గడప దాటరు. తాతగారి నాటి నుంచీ అదే ఆచారం.

ఒకసారి ఆయనకు ఓ కొత్త ఆలోచన వచ్చింది. రాజుగారికి ఆలోచన వచ్చినప్పుడల్లా చెన్నరసయ్యకు తలనొప్పి వచ్చేది.

"వస్తువు గానీ, పనితనం గానీ, మాటల కూర్పు గానీ, ఎవరు ముందుగా సభలో చూపిస్తే అది వారి సొంతం. సభ వాకిట్లో మూడుసార్లు డప్పు కొట్టిస్తాం. మూడో డప్పులోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ముద్ర వేసి ఇస్తాం. ఆపైన వారి అనుమతి లేకుండా ఇంకొకరు దాన్ని వాడరాదు. పీఠం మీద కూర్చున్నవారు తీర్పరులు కనుక అభ్యంతరం చెప్పరాదు" అని శాసనం రాయించారు. దీంతో రాజ్యంలో కొత్త కొత్తవి పుట్టుకొస్తాయని మురిసిపోయి దాన్ని రాతి మీద కూడా చెక్కించారు.

కొత్తవేవీ పుట్టలేదు. పాతవాటికి కొత్త సొంతదార్లు మాత్రం బయల్దేరారు.

వారిలో మొదటివాడు నాగిశెట్టి అనే బట్టల వ్యాపారి. ఓ రోజు పొద్దున్నే సభకు ఒక చీర పట్టుకొచ్చి దాని అంచు చూపించాడు. అంచు పొడుగునా జొన్నకంకులు, గింజ గింజా విడిగా కనబడేట్టు. రాజుగారు మెచ్చుకున్నారు. డప్పు మూడుసార్లు మోగింది. ఎవరూ రాలేదు. నాగిశెట్టి ముద్ర వేయించుకుని వెళ్లిపోయాడు.

ఆ అంచు సాలెవీధిలో తరతరాలుగా నేస్తున్నదే. సాయంత్రానికల్లా భటులు ఆ వీధికి వెళ్లి, జొన్నకంకి నేస్తున్న ప్రతి మగ్గానికీ తాడు చుట్టి లక్కముద్ర వేసి వచ్చారు.

మర్నాడు ఓబులమ్మ అనే నేతగత్తె సభకు వచ్చింది. మొగుడు పోయిన మనిషి. ఉన్న ఒక్క మగ్గమే ఆమెకు ఆధారం.

"మహాప్రభో! ఆ అంచు మా అత్త నేసింది, ఆమె అత్తా నేసింది. నాగిశెట్టిది ఎట్టయితాది?"

"మరి డప్పు కొట్టినప్పుడు వచ్చి ఆ ముక్క చెప్పలేదేం? వినబడలేదా?" అన్నారు రాజుగారు.

"వినబడింది మహాప్రభో. పొద్దున పూట మేమంతా వీధిలో పడుగు దారాలు చాచి గంజి పూస్తుంటాము. పూసినాక ఆరేదాకా కుంచె ఆపకూడదు. ఆపితే దారాలన్నీ అంటుకుపోతాయి. చేతినిండా గంజి, ఎట్ట వచ్చేది?"

"సాకులు!" అన్నారు రాజుగారు. "శాసనంలో గంజి మాట లేదు."

నాగిశెట్టి చిరునవ్వుతో ముందుకొచ్చాడు. "నేనేమైనా నేయొద్దన్నానా అమ్మా? నేసుకో. నేసింది నాకే ఇవ్వాలి, నేను చెప్పిన ధరకే ఇవ్వాలి. అంతే కదా!"

ఓబులమ్మ అతని వైపు చూడనైనా లేదు. "సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది మహాప్రభో. నా నూలంతా దాంట్లోనే ఉంది. ముసురు పట్టింది, గంజి పెట్టిన దారం ఇట్టాగే వదిలేస్తే బూజు పడతాది. అది పోతే మళ్లీ నూలు కొనే దారి లేదు నాకు" అంది.

రాజుగారు చెయ్యి ఊపారు. ఇక వెళ్లమని దాని అర్థం.

చెన్నరసయ్య తన మూల కూర్చుని అంతా విన్నాడు. అతనికి కోపం వచ్చింది. ఆ వయసులో కోపం తెచ్చుకోవడమూ ఒక శ్రమే. ఇంటికి పోయి పడుకుందామనుకున్నాడు. కానీ ఇంటికి వెళ్లే దారి సాలెవీధి గుండానే ఉంది. అక్కడ ఓబులమ్మ గుమ్మంలో కూర్చుని, లక్కముద్ర చెదరకుండా, కుంపటి మగ్గం దగ్గరకు జరుపుతూ దారాలకు వెచ్చదనం తగిలిస్తోంది.

"ఇంక నాకు తప్పేట్టు లేదు" అని గొణుక్కుంటూ అతను వెనక్కి తిరిగాడు.

శనివారం వచ్చింది. ఆ రోజు రాజుగారికి తలంటు. ఆయన లేకపోతే వందిమాగధులకు పని లేదు కనుక వాళ్లూ భోజనాలకు పోయారు. పీఠం మీద మంత్రిగారు ఒక్కరే కునికిపాట్లు పడుతున్నారు. చెన్నరసయ్య మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నేనొక మాటల కూర్పు చూపించుకుంటాను" అన్నాడు. అని, రాజుగారి బిరుదులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

మంత్రిగారి నిద్ర ఎగిరిపోయింది. "అవి ప్రభువుల బిరుదులయ్యా!"

"మొదట ఎవరు కూర్చారో చూడాలని శాసనంలో ఉందా అండీ?"

"లేదు."

"ఎవరి గురించి కూర్చారో చూడాలని?"

"అదీ లేదు. ఎవరైనా అభ్యంతరం చెప్పారా అన్నదొక్కటే చూడాలి." మంత్రిగారికి అభ్యంతరం చెప్పాలనే ఉంది. కానీ పీఠం మీద ఉన్నవారు చెప్పకూడదాయె. చెన్నరసయ్య మొహంలోకి కాసేపు చూసి, ఆయన డప్పు కొట్టమన్నారు. మూడు డప్పులూ మోగాయి. ఎవరూ రాలేదు. ముద్ర పడింది.

మర్నాడు చిరుజల్లు పడుతోంది. రాజుగారు సభ గుమ్మం దాకా వచ్చి ఆగారు. వందిమాగధులు చేతులు కట్టుకుని నిలబడ్డారే తప్ప నోరు విప్పలేదు. రాజుగారు దగ్గారు. వాళ్లు ఆకాశం వైపు చూశారు.

"ఏమయిందిరా మీకు?"

"ప్రభూ, ఆ బిరుదులిప్పుడు చెన్నరసయ్యగారివి. ఆయన అనుమతి లేకుండా పలికితే శాసనం ఊరుకోదు. పాపం, మగ్గాలకు ముద్రలు వేశారు, మా నోళ్లకు ఏం వేస్తారో!"

బిరుదులు లేకుండా గడప దాటడానికి రాజుగారికి కాలు రాలేదు. వెనక్కి వెళ్లడానికి పరువు ఒప్పుకోలేదు. జల్లు కాస్తా వానయింది. గంజి పెట్టి ఫెళఫెళలాడుతున్న ఉత్తరీయం మెల్లగా వాలిపోయి భుజానికి అంటుకుంది.

చెన్నరసయ్యను పిలిపించారు. అతని నడక సంగతి తెలిసిందే. వచ్చేసరికి చాలాసేపు పట్టింది.

"నా బిరుదులు నీవెలా అవుతాయి? మా తాతగారి కాలం నుంచీ మావి!" అని గర్జించారు రాజుగారు.

"వాడుకోవద్దన్నానా ప్రభూ? వాడుకోండి. ఏ రోజు ఏ బిరుదు చదివించాలో నేను చెబుతాను. ఇవాళ్టికి చిన్నది ఒకటి ఇస్తాను, సర్దుకోండి."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. నాగిశెట్టి మాత్రం నవ్వలేదు. రాజుగారి మొహం కందగడ్డయింది.

"నేను అభ్యంతరం చెప్పేవాణ్ణి!"

"డప్పు వినబడలేదా ప్రభూ?"

"వినబడకేం! తలంటు పోసుకుంటున్నానయ్యా! నెత్తినిండా కుంకుడురసం, కళ్లు మండిపోతున్నాయి. ఎలా వచ్చేది?"

చెన్నరసయ్య ఆయన వైపు అలసటగా చూశాడు. "వాళ్ల చేతుల్లో గంజి ఉంది ప్రభూ" అన్నాడు.

రాజుగారు తడిసిన ఉత్తరీయాన్ని వేళ్లతో పట్టుకుని చూసుకున్నారు. ముందు పెదవి వణికింది, తరువాత భుజాలు కదిలాయి, ఆపైన ఆయన గుమ్మంలోనే వంగిపోయి పకపకా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూనే, బిరుదుల మాట మరిచిపోయి, గడప దాటి లోపలికి వచ్చేశారు.

నాగిశెట్టి ముద్ర రద్దయింది. మగ్గాల తాళ్లు విప్పేశారు. ఏదైనా సొంతమని ఎవరు అడిగినా, ఆ పని చేసేవాళ్ల వీధిలోనే, వాళ్ల చేతులు ఖాళీ అయ్యాకే డప్పు కొట్టాలని శాసనాన్ని మార్పించారు. చెన్నరసయ్య బిరుదులను ఎవరూ అడగకుండానే తిరిగి ఇచ్చేశాడు.

చీర పూర్తవగానే ఓబులమ్మ దాన్ని అమ్మి, మళ్లీ నూలు కొనుక్కుంది. మిగిలిన పడుగు మీద కండువా వెడల్పున ఒక ముక్క నేసి సభకు తెచ్చింది. అంచున జొన్నకంకులు. "ఇక్కడ ఇంత బూజు మరక పడింది బాబయ్యా. ఎంత ఉతికినా పోలేదు" అంటూ చెన్నరసయ్య చేతిలో పెట్టింది. అతను మరక పైకి కనబడేట్టే భుజాన వేసుకున్నాడు.

రాజుగారు సంతోషించి, "నీకేం కావాలో కోరుకో" అన్నారు.

"సెలవు ప్రభూ. ఇంటికి పోయి పడుకుంటాను."

రాజుగారు పీఠం దిగారు. సభికుల మధ్య నిలబడి, "కొత్త శాసనం ప్రకారమే కానిద్దాం. చెన్నరసయ్య వెళ్లిపోతానంటున్నాడు. డప్పు కొట్టండి. అభ్యంతరం ఉన్నవారు చెప్పండి" అన్నారు.

ఒక డప్పు మోగింది. రెండోది మోగింది. చెన్నరసయ్య చేతికర్ర అందుకున్నాడు.

"నాకుంది" అన్నారు రాజుగారు.

చెన్నరసయ్య ఆయన ఖాళీ చేతుల వైపు ఒకసారి చూసి, కండువా సర్దుకుని, నిట్టూరుస్తూ వెళ్లి తన మూల కూర్చున్నాడు.