ఊ కొట్టే మనిషి కావాలి

పిల్లలూ, మధ్యమధ్య ఊ కొడతామని మాటిస్తేనే ఈ కథ కదులుతుంది. సరేనా? అయితే వినండి.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక చిన్న రాజ్యం. దాన్ని మల్లరాజు ఏలుతుండేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు, పేరు సూరమ. పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు వస్తున్న వయసు.

ఒక ఏడు వానలతో పాటు సూరమకు జ్వరం వచ్చింది. వానలు వెళ్ళిపోయాయి గానీ జ్వరం వెళ్ళలేదు. ఒళ్ళు చిక్కిపోయింది. ఊపిరి పొట్టిదైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

రాజవైద్యుడు రాజుగారి దగ్గర ఏమీ దాచలేదు. "మహారాజా, ఇది పెద్ద జబ్బు. మందు నేనిస్తాను. కానీ మందు లోపలికి వెళ్ళాక పని చేయాల్సింది పాప ఒళ్ళు. గంజి తాగాలి, కాసేపు లేచి కూర్చోవాలి. ఇలా గోడవైపు తిరిగి పడుకుని అన్నీ వద్దంటూ ఉంటే పాప మనకు దక్కదు" అన్నాడు.

నిజమే, సూరమ గోడవైపు తిరిగి పడుకుంది. ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ గదిలో అందరూ ఆమె గురించే మాట్లాడేవాళ్ళు, ఆమెతో మాత్రం కాదు. "పాప నీళ్ళు తాగిందా?" అని దాదిని అడిగేవాళ్ళు. "పాపకు చలేస్తోందేమో" అని వాళ్ళే అనుకుని వాళ్ళే దుప్పటి కప్పేవాళ్ళు.

జబ్బు పడక ముందు సూరమకు చేతినిండా పనులుండేవి. గుర్రాలకు బెల్లంముక్క పెట్టేది. పొద్దున్నే నాన్నగారు తలపాగా చుట్టుకుంటుంటే గుడ్డ కొస పట్టుకుని నిలబడేది. ఇప్పుడు ఆ కొసను ఒక సేవకుడు పట్టుకుంటున్నాడు. బాగానే పట్టుకుంటున్నాడు కూడా. అదే సూరమ మనసులో గుచ్చుకుంది. నేను లేకపోయినా అన్నీ జరిగిపోతున్నాయి కదా అనుకుంది. అనుకుని గోడవైపు తిరిగింది.

"నా కూతుర్ని ఇటు తిప్పినవాళ్ళకు కోరింది ఇస్తాను" అని రాజు దండోరా వేయించాడు. ఇక చూడండి, కోట వాకిట్లో జనం తిరనాళ్ళలా మూగారు. వాళ్ళలో ముగ్గురిని మంత్రి ఏరి లోపలికి పంపాడు.

మొదట గారడీవాడు వచ్చాడు. నోట్లోంచి రంగురంగుల గుడ్డలు లాగాడు. "బాగుందా తల్లీ?" అన్నాడు. "బాగుంది, బాగుంది" అంది దాది. సూరమ తిరగలేదు.

తర్వాత ఒక పండితుడు వచ్చాడు. గొంతు సవరించుకుని పురాణం ఎత్తుకున్నాడు. తానే ప్రశ్న వేసి తానే జవాబు చెప్పుకుని, తన తెలివికి తానే తల ఊపాడు. సూరమ తిరగలేదు.

మూడోవాడు దీవుల వర్తకుడు. వెండి పంజరంలో మాటలు నేర్చిన చిలుకను తెచ్చాడు. చిలుక దండాలు పెట్టింది, పద్యం పాడింది, మంత్రిగారిలా దగ్గింది. అందరూ నవ్వారు. సూరమ కళ్ళు మూసుకుంది.

రాజు గడప మీద కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడు కోట వంటింటికి ఉప్పు వేసే నూకయ్య బండి పెరట్లో ఆగింది. నూకయ్య ముసలివాడు. నడుం వంగింది, మాట మాత్రం వంగలేదు. ఉప్పు దింపించి, తలగుడ్డ విదిలించి, వంటవాణ్ణి అడిగాడు.

"బాబూ, ఈ కోటలో ఏ పనీ లేకుండా ఊరికే పడుకున్నోళ్ళు ఎవరైనా ఉన్నారా?"

వంటవాడి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏం, ఎందుకు?"

"నాకు ఊ కొట్టే మనిషి కావాలి. మా వీధిలో అందరికీ పనులే. ఎవరికీ తీరిక లేదు."

ఈ మాట ఆ నోటా ఈ నోటా పడి రాజుగారి చెవికి చేరింది. రాజు ముసలివాణ్ణి కూతురి గదికే పిలిపించాడు. "ఏమిటయ్యా నీ గోల?" అన్నాడు.

"గోలేం కాదు దొరా. నేనూ మా గంగమ్మా పెళ్ళయిన నాటి నుంచీ ఉప్పుబండి తోలినాం, ఒడ్డు నుంచి కొండ ఊళ్ళ దాకా. దారి పొడుగునా నేను కథ చెప్పేవాణ్ణి, అది ఊ కొట్టేది. పోయినేడు గంగమ్మ పోయింది. ఒక కథ సగంలో ఉండగా పోయింది. అది నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎద్దులకు చెప్పి చూశాను. చెవులాడిస్తాయి గానీ ఊ కొట్టవు."

"మా అమ్మాయిని ఇటు తిప్పడానికి వచ్చావా?"

"ఎటు తిరిగితే నాకేం దొరా? చెవులు రెండువైపులా ఉంటాయి కదా. నేను నా పని మీద వచ్చాను."

గోడవైపు తిరిగి ఉన్న సూరమ కళ్ళు తెరిచింది. ఇన్నాళ్ళుగా ఆ గదిలోకి వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి ఇవ్వడానికే వచ్చారు. ఈ ముసలాయన ఏదో అడగడానికి వచ్చాడు.

నూకయ్య మంచం పక్కన నేల మీద కూర్చుని, సగంలో ఆగిన ఆ కథనే మొదటి నుంచి ఎత్తుకున్నాడు. "అనగనగా ఉప్పుమళ్ళలో ఒక ఉప్పురాయి ఉండేదంట" అన్నాడు. అని ఆగాడు.

మంత్రికి కాలు నిలవలేదు. "ఊ. కానియ్యి" అన్నాడు.

"ఆ ఊ మీది బాబుగారూ. నాకు కావలసింది ఈ పాప ఊ. అది లేకపోతే కందెన లేని ఇరుసులా నా కథ కదలదు" అన్నాడు నూకయ్య. ఇంకాసేపు చూశాడు. తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. "తొందరేం లేదమ్మా. రేపొస్తాను."

ఆ పూటంతా సూరమకు ఉప్పురాయే గుర్తొచ్చింది. దానికి ఏమైంది? ఇంకా ఉప్పుమళ్ళలోనే కూర్చుందా?

మర్నాడు నూకయ్య వచ్చేసరికి మంత్రి ఏర్పాట్లన్నీ చేసి ఉంచాడు. పాపకు నీరసం కదా, పాప తరఫున ఊ కొట్టడానికి కొలువులో ఒక మనిషిని పెట్టాడు. ఎవరనుకున్నారు? యుద్ధంలో బూర ఊదేవాణ్ణి. వాడు అలిసిపోతే ఉండనీ అని పంజరంలో చిలుకకు కూడా ఊ నేర్పించాడు. ఆ తెలివికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు.

"ఉప్పురాయి బండెక్కింది" అన్నాడు నూకయ్య.

"ఊ" అని బూరవాడు గది అదిరేలా అరిచాడు. "ఊ, ఊ" అంది చిలుక.

నూకయ్య వాళ్ళిద్దరి వంకా చూశాడు. గొంతు మార్చకుండా చెప్పుకుపోయాడు.

"బండికి కట్టిన ఎద్దు చెట్టెక్కి గూడు కట్టింది."

"ఊ." "ఊ, ఊ."

"గూట్లో గుడ్డు పెట్టింది. గుడ్డులోంచి మేక వచ్చింది."

"ఊ." "ఊ, ఊ."

"ఆ మేక నేరుగా కోటకొచ్చి రాజుగారి మీసం మేసేసింది."

"ఊ" అన్నాడు బూరవాడు ఇంకా గట్టిగా.

రాజుగారి చెయ్యి తెలియకుండానే మీసం మీదికి పోయింది. గదిలో అందరూ బిగుసుకుపోయారు. అప్పుడు మంచం మీద నుంచి ఒక చిన్న చప్పుడు వినిపించింది. దగ్గు కాదు, మూలుగు కాదు. సూరమ నవ్వింది. గోడవైపు తిరిగే నవ్వింది గానీ, నవ్వింది.

రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీసం సంగతి మరిచిపోయాడు.

"చూశారా దొరా" అన్నాడు నూకయ్య మెల్లగా. "ఊ కొట్టాలంటే వినాలి. వీళ్ళు కొడుతున్నారు గానీ వినడం లేదు. ఆ పాప కొట్టడం లేదు గానీ వింటోంది." లేచి, రేపొస్తానని వెళ్ళిపోయాడు.

మూడోరోజు నూకయ్య గదిలో అడుగు పెట్టేసరికి చిలుక లేదు, బూరవాడు లేడు. మంత్రి గడప అవతల నిలబడి ఉన్నాడు. వాళ్ళను పంపించేసింది సూరమే. ఇటువైపు తిరిగి పడుకుని ఉంది.

"తాతా, ఉప్పురాయి నిజంగా బండెక్కిందా?"

"నీ ఊ పడితే ఎక్కుతుంది."

"ఊ" అంది సూరమ. వినీ వినిపించనట్టు ఉంది ఆ ఊ. ఆ పిల్ల దగ్గర ఉన్న ఊపిరంతా అందులోనే ఉంది.

నూకయ్య ముఖం విచ్చుకుంది. కథ కదిలింది. ఉప్పురాయి బండెక్కి, దారిలో తాటితోపులు చూసి, ఎర్రెద్దుతో స్నేహం చేసింది. మూడు ఊలకే సూరమ అలిసిపోయింది. నూకయ్య అక్కడే ఆపేశాడు.

"ఎద్దు అలిసిన చోటే మజిలీ అమ్మా. మిగతాది రేపు."

ఆ పూట గంజి వస్తే సూరమ వద్దనలేదు. పథ్యం గంజి, ఉప్పు లేని గంజి, చప్పగా ఉంటుంది. అయినా గిన్నె ఖాళీ చేసింది. "రేపు ఊ కొట్టాలి" అంది దాదితో.

రాజు నూకయ్యను పిలిచి కోరుకోమన్నాడు. "నాకు కావలసింది పాప ఇచ్చేసింది కదా దొరా" అన్నాడు నూకయ్య. "మీకేం పని లేదా ఆ పాపతో?"

మర్నాడు పొద్దున్నే రాజు తలపాగా గుడ్డ తీసుకుని కూతురి గదికి వచ్చాడు. సేవకుడు పట్టుకుంటే ముడి నిలవడం లేదని చెప్పాడు. సూరమ పడుకునే కొస పట్టుకుంది. ఆ రోజు రాజుగారి తలపాగా ఒక పక్కకు ఒరిగింది. దాంతోనే కొలువుకు వెళ్ళాడు. ఎవరైనా నవ్వితే ఒట్టు.

రోజులు గడిచాయి. సూరమ ఊలు పెరిగాయి, మజిలీలు పొడుగయ్యాయి. దిండుకు ఆనుకుని కూర్చోగలిగింది. అలాగని జబ్బు ఒక్కసారి పారిపోలేదు. మంచిరోజు వెనకే చెడ్డరోజు వచ్చేది. అలాంటి చెడ్డరోజున సూరమ అడిగింది.

"తాతా, ఊ కొట్టలేకపోతే?"

"వేలు కదుపమ్మా. సరిపోతుంది."

"వేలు కూడా కదపలేకపోతే? నేను చచ్చిపోతానా?"

గదిలో ఇంకెవరున్నా 'ఛీ, అవేం మాటలు' అనేవాళ్ళు. నూకయ్య ఆ పిల్ల చెయ్యి తన గరుకు చేతిలోకి తీసుకున్నాడు.

"తెలీదమ్మా. ఉప్పురాయి కూడా అదే అడిగింది. కొండ కింద వాగు అడ్డమొచ్చింది. పైన వాన, కింద నీళ్ళు. 'నేను కరిగిపోతానా?' అని ఎర్రెద్దును అడిగింది. ఎద్దు అబద్ధమాడలేదు. 'తెలీదు. కానీ నేను మెల్లగా నడుస్తాను, నిన్ను తడవనివ్వకుండా చూస్తాను' అంది."

సూరమ వేలు కదిపింది.

అక్కడే, వాగు నడుమ బండి ఉండగా, కథ ఆగింది. ఎందుకంటే ఆ మర్నాడు నూకయ్య రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ముసలి ఒళ్ళు, చలిగాలి. మంచం పట్టాడని కబురొచ్చింది.

రాజు తన వైద్యుణ్ణి పంపాడు. పండ్లు పంపాడు, మెత్తటి పరుపు పంపాడు. వైద్యుడు తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. "మందు తీసుకోవడం లేదు మహారాజా. నా పని అయిపోయిందంటాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు."

సూరమ ఆ మాట విన్నది. గోడవైపు పడుకుంటే ఎలా ఉంటుందో ఆ కోటలో ఆమె ఒక్కదానికే తెలుసు.

"నాన్నగారూ, పల్లకి పెట్టించండి" అంది.

వైద్యుడు ఒప్పుకోలేదు. సూరమ బతిమాలింది. చివరికి దుప్పట్లు చుట్టి, మెల్లగా మోయమని బోయీలకు నూరుసార్లు చెప్పి పంపారు. ఉప్పుమళ్ళ పక్కన తాటాకు గుడిసె. లోపల కుక్కిమంచం. నూకయ్య వీపు మాత్రం కనిపించింది.

ఎలా ఉన్నావని సూరమ అడగలేదు. పండ్లు తిన్నావా అని అడగలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"తాతా, నాకొక ఊ కావాలి."

వీపు కదిలింది.

"బండి వాగులో ఉంది. ఉప్పురాయి తడిసిపోతోంది. నాకు భయంగా ఉంది. నేను నడిపిస్తాను, నువ్వు ఊ కొట్టు."

"నీకు తెలీదు కదమ్మా ఆ కథ" అన్నాడు నూకయ్య గోడతోనే.

"నీకూ తెలీదు కదా తాతా."

నూకయ్యకు నవ్వొచ్చింది. దొంగ దొరికిపోయాడు. "నిజమే. బండి నడిచినంత మేరే నాకూ తెలిసేది" అన్నాడు.

"ఎర్రెద్దు తల పైకెత్తింది" అంది సూరమ. అని ఆగింది. ఎంతసేపైనా ఆగేలా కూర్చుంది.

"ఊ" అన్నాడు నూకయ్య.

"మెల్లగా గట్టెక్కింది. కొండ మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక పిల్లకు జబ్బు తగ్గింది. పథ్యం విడిచే రోజు. కానీ ఇంట్లో ఉప్పు లేదు."

"ఊ" అన్నాడు నూకయ్య. ఈసారి ఇటు తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "అయితే ఉప్పురాయి ఆ ఇంటికి వెళ్ళిందా?"

సూరమ లేచి నిలబడింది. కాళ్ళు వణుకుతున్నా నిలబడింది.

"మందు తాగితే చెబుతాను. ఎద్దు అలిసిపోయింది తాతా. మిగతాది రేపు."

ఆ రేపు వచ్చింది. ఇంకా చాలా రేపులు వచ్చాయి. సూరమ ఊపిరి కొంచెం పొట్టిగానే ఉండిపోయింది, నూకయ్య నడుం ఇంకాస్త వంగింది. అయినా ఒకరోజు సూరమ పథ్యం విడిచింది. ఆ నాటి గంజిలో ఉప్పు నూకయ్యే తన చేత్తో వేశాడు. ఉప్పురాయి కథ మాత్రం ఎన్నడూ పూర్తి కాలేదు. పూర్తి చేయాలని వాళ్ళిద్దరికీ లేదు.

ఇంతదాకా ఊ కొట్టిన పిల్లలూ, ఈ మజిలీ ఇక్కడితో సరి. నా కథ నడిచింది మీ వల్లే.

మంచాన పడ్డవాళ్ళకు మందూ పండ్లూ ఇవ్వండి, వాటితో పాటు వాళ్ళు మాత్రమే చేయగల చిన్న పని ఒకటి అడగండి. తనతో ఇంకొకరికి అవసరం ఉందని తెలిసిన మనిషి గోడవైపు తిరిగి పడుకోడు.