దొరగారి గ్లాసులో చేదు

పొగాకు దొర బంగళాలో ఆ సాయంత్రం రమ్ము అందించే పని సత్తియ్య మీద పడింది. మాట చెవిన పడగానే అతను గాబ్రియేలు పాకకు పరుగెత్తాడు. రమ్ము కలపడం, ఆ రమ్ముకు తగిన చుట్ట ఎంచడం అతనికి నేర్పింది ఆ ముసలి బట్లరే.

"తాతగారూ, చేదెక్కని జత ఒక్కటి చెప్పండి. ఒక్కటి చాలు."

గాబ్రియేలుకు సంగతి తెలుసు. కొత్తగా వచ్చిన దొర మొన్న ఒక గుక్క తాగి, లంక చుట్ట ఒక దమ్ము లాగి, థూ అని ఉమ్మేశాడు. చేదుగా ఉంది, విషం కలిపారని అరిచాడు. కలిపి ఇచ్చిన నౌకరు ఏసోబును పొగాకు గోదాములోకి తోయించి తాళం వేయించాడు. రెండు రోజులుగా ఆ తలుపు వెనక దగ్గు వినిపిస్తూనే ఉంది. రేపు పోలీసులు వస్తారట.

"నేను చెప్పింది మరిచిపోయావా?"

"ఘాటు చుట్టకు బెల్లం పాకం ఎక్కువ, మెత్తని చుట్టకు నిమ్మరసం ఎక్కువ. మరిచిపోలేదండి. ఏసోబూ అలాగే కలిపాడు కదండీ!"

"అయితే కలుపు."

సత్తియ్య కలిపాడు. చెయ్యి వణికి పాకం బల్ల మీద ఒలికింది. మళ్ళీ పోశాడు. ఒక గుక్క తాగి చుట్ట లాగాడు. నోరెండిపోయి ఉంది. నాలుక మీదంతా చేదు.

"ఇదీ చేదే తాతగారూ! నా పని అయిపోయింది."

గాబ్రియేలు అతని చేతిలోంచి గ్లాసూ చుట్టా తీసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. ఒక దమ్ము లాగాడు.

"తియ్యగానే ఉందిరా," అన్నాడు.

సత్తియ్యకు ఇంకా భయం వేసింది. ఒకే గ్లాసు ఒకరికి చేదు, ఒకరికి తీపి అయితే ఇక తనను కాపాడే జత ఏది?

ముసలాయన పాత కోటు తొడుక్కుని, "పద," అన్నాడు.

వరండాలో దొర గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. బల్ల మీద పిస్తోలు ఉంది. గోదారిలో తెడ్డు చప్పుడైనా ఉలిక్కిపడి అటు చూస్తున్నాడు.

"ముసలివాడివి, నువ్వెందుకు వచ్చావు?"

"మావాడికి చేతులు వణుకుతున్నాయి దొరా. మీ మీద ఒలకబోస్తాడని వచ్చాను."

దొర నవ్వలేదు.

గాబ్రియేలు వంటగదిలోకి పోలేదు. సామానంతా తెచ్చి దొర ముందే పెట్టాడు. సీసా మూత దొర చేతనే తీయించాడు. నిమ్మకాయ అతని కళ్ళ ముందే కోశాడు. ఒకే కూజాలో కలిపి రెండు గ్లాసుల్లో పోశాడు.

"ఏది కావాలో తీసుకోండి."

చుట్టలూ అలాగే రెండు పెట్టాడు. దొర తీసుకోగా మిగిలిన గ్లాసు, మిగిలిన చుట్ట తీసుకుని మెట్టు మీద కూర్చుని తాగడం మొదలుపెట్టాడు.

ఆ బంగళాలో నౌకరు దొర ఎదుట కూర్చోవడమే లేదు. సత్తియ్య కళ్ళు గట్టిగా మూసుకుని పిస్తోలు మోత కోసం ఎదురుచూశాడు.

అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది.

కళ్ళు తెరిచాడు. దొర చుట్ట వెలిగించుకుంటున్నాడు. అంత పెద్ద చెయ్యి, అచ్చం తన చెయ్యిలాగే వణుకుతోంది. సత్తియ్య అది ఇంతవరకు చూడలేదు.

ఇద్దరి చుట్టలు సగం కాలేసరికి దొర వీపు గోడను వదిలింది.

"తియ్యగా ఉంది. ఇవాళ ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదు దొరా. ఏసోబు కలిపినట్టే కలిపాను."

దొర ఆ గ్లాసు వంక చూశాడు. గోదాము వైపు నుంచి దగ్గు వినిపించింది. అతను జేబులోంచి తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు.

ఏసోబును ఇంటి దగ్గర దింపి ఇద్దరూ గట్టు వెంట వెనక్కి నడుస్తున్నారు.

"రేపు మళ్ళీ నేనే వెళ్ళాలి తాతగారూ. మీకైతే భయం లేదు. నేనెలా వెళ్ళను?"

గాబ్రియేలు ఆగాడు. సత్తియ్య చెయ్యి పట్టుకుని, కోటు లోపలికి లాక్కుని, తన గుండె మీద పెట్టుకున్నాడు.

అది గుప్పిట్లో చిక్కిన పిట్టలా కొట్టుకుంటోంది.

సత్తియ్య చాలాసేపు చెయ్యి తియ్యలేదు.